గోడకు కట్టే బొంత

“గింత చిన్న బొంత ఎవలకు సరిపోతది, టీచరమ్మా?”

ఇబ్రహీంపట్నం శిక్షణ కేంద్రంలో నేను పని నేర్పినన్నాళ్లూ ఈ ప్రశ్న నన్ను వదలలేదు. కూరగాయలమ్మే ఆమె అడిగింది. సున్నం వేయడానికి వచ్చిన మేస్త్రి అడిగాడు. తనిఖీకి వచ్చిన ఒక పెద్ద అధికారి కూడా కాస్త నాగరికమైన మాటల్లో ఇదే అడిగారు. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ఉన్న బొంత. కాళ్లు కప్పితే గుండెలు కప్పదు, గుండెలు కప్పితే కాళ్లు కప్పదు. మరెందుకు కుడుతున్నట్టు?

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవారి కోసం రాస్తున్నాను. నేను ఏ హోదాలో చేరాను, ఏ హోదాలో విరమించాను అన్నవి ఇక్కడ ఉండవు. అవి ఎవరికీ సూదిలో దారం ఎక్కించడం నేర్పవు. చేసిన ప్రతి రంగు కలయికనూ పక్కన గుడ్డముక్క అతికించి రాసిపెట్టుకునే అలవాటు నాది. అందుచేత జ్ఞాపకం మీద అనుమానం వచ్చిన చోట సరిచూసుకున్నాను.

పని ఇది. తెల్లటి నూలు బట్ట మీద మన చేత్తో రంగులు వేస్తాం. ఆరాక ఆ బట్టను ముక్కలుగా కోస్తాం. ముక్కలను కొత్త వరుసలో పేర్చి, ఒక బొమ్మ వచ్చేలా అతుకుతాం. దాని కింద మెత్తటి బట్ట ఒకటి, అడుగున ఆస్తరు ఒకటి పెట్టి, మూడింటినీ కలిపి చేతి కుట్టుతో కుడతాం. మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతకూ దీనికీ పద్ధతిలో తేడా లేదు. తేడా అల్లా ఇది గోడకు వేలాడుతుందన్నదే. నేను దీన్ని బొంత అనే అన్నాను. మా మేనేజరు గారికి ఆ మాట సరిపడేది కాదు. నేను చీటీ మీద ‘బొంత’ అని రాస్తే ఆయన కొట్టేసి, ‘టెక్స్‌టైల్ వాల్ ప్యానెల్’ అని రాసేవారు. ఎందుకండీ అంటే, “బొంత అంటే పేదరికం గుర్తొస్తది మేడమ్” అన్నారు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. తన భాషలో పేరున్న వస్తువును పేరు మార్చి గౌరవించామనుకునేవారు ఆ వస్తువునూ గౌరవించరు, ఆ భాషనూ గౌరవించరు.

గంజి

ఈ మేనేజరు గారి దగ్గరే నేను మొదటి పెద్ద పాఠం నేర్చుకున్నాను. ఆయన నేర్పాలనుకుని నేర్పింది కాదది.

కొత్త బట్టకు గంజి ఉంటుంది. దాన్ని నానబెట్టి, ఉతికి, గంజి పూర్తిగా వదిలించాకే రంగు వేయాలి. లేకపోతే రంగు నూలుకు పట్టదు, గంజికి పడుతుంది. చూడటానికి మాత్రం గంజి బట్ట మీద వేసిన బొమ్మే బాగుంటుంది. గీత చెదరదు, రంగు పాకదు, చిలుక ముక్కు చిలుక ముక్కులాగే నిలుస్తుంది. మోసమంతా అక్కడే ఉంది.

ఒకసారి ఎవరో పెద్దలు వస్తున్నారని ఆయన ఒక తాను పాప్లిన్ తెప్పించి, “ఉతకొద్దు మేడమ్, కొత్తదనం పోతది” అని ఆజ్ఞ జారీ చేశారు. నేను కాదన్నాను. ఆయన కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చారు. సరే, వేశాం. చిలుకలు, తామరలు, చార్మినార్లు అన్నీ మెరిసిపోయాయి. వసారా గోడ నిండా కట్టాం. పెద్దలు రావడానికి ముందే వాన జల్లు కొట్టింది. చిలుకల ఆకుపచ్చంతా తామరల్లోకి దిగింది. తామరల గులాబీ రంగు గోడ మీదుగా కారి మెట్ల దాకా వచ్చింది. మేనేజరు గారు ఆ మెట్ల మీద నిలబడి, “ఈ రంగు కంపెనీవాళ్లను వదలొద్దు!” అన్నారు.

ఈ పనిలో మీకు ఎదురయ్యే పైఅధికారుల్లో ఎక్కువమంది ఇలాంటివారే. చెడ్డవారు కారు. గంజిని బట్ట అనుకుంటారు, అంతే.

తడి బట్ట మీద రంగు

ఇక ఆనందం సంగతి. దీన్ని రాయడానికి కూర్చుంటే నాకు ఇప్పటికీ వేళ్లు ఆగవు.

గంజి వదిలిన బట్టను తడిపి, పిండి, బల్ల మీద పరవండి. పల్చగా కలిపిన నీలం కుంచెతో ఒక్కసారి తాకించి చేయి తీసేయండి. అప్పుడు చూడాలి! రంగు తనంతట తాను నడుస్తుంది. పోగు వెంట పోగు, అంచులు విప్పుకుంటూ, మీరు అనుకోని దిక్కుకు. దాని పక్కనే పసుపు తాకించండి. రెండూ కలిసిన చోట ఏ సీసాలోనూ దొరకని ఆకుపచ్చ పుడుతుంది. ఇంకా తడిగా ఉండగానే నాలుగు దొడ్డుప్పు రాళ్లు చల్లండి. ప్రతి రాయీ తన చుట్టూ ఉన్న రంగునూ తడినీ తనవైపు లాక్కుంటుంది. ఆరాక ఉప్పు దులిపితే బట్ట మీద వాన చుక్కలు పడ్డట్టు తెల్లని నక్షత్రాలు! ఎన్నేళ్లు చేసినా, ఉప్పు దులిపే ఆ క్షణంలో నేను ఊపిరి బిగపట్టకుండా ఉండలేకపోయాను. బాగా ఆరిన తర్వాత వెనకవైపు నుంచి వేడి ఇస్త్రీ పెట్టాలి. రంగు అప్పుడు నూలులో స్థిరపడుతుంది. ఈ మెట్టు దాటవేసేవారిని నేను తరగతి నుంచి పంపించేదాన్ని. క్షమించేదాన్ని కాదు.

హసీనా నా దగ్గరికి వచ్చింది ఈ ఉప్పు కోసమే. కేంద్రంలో జాకెట్లకు హుక్సులు, అంచులు కుట్టేందుకు పక్క ఊరి నుంచి వచ్చే అమ్మాయి. ముప్ఫై ఏళ్లుంటాయి, పదో తరగతి చదివింది. ఒకనాడు నా గది గుమ్మంలో నిలబడి చూస్తూ చూస్తూ, “టీచరమ్మా, కూరలెయ్యాల్సిన ఉప్పు బట్టల ఏస్తున్రు, నేను గుడ జర ఏస్తనా?” అంది. వేసింది. ఆ రోజు నుంచి హుక్సుల గదికి తిరిగి వెళ్లలేదు.

కత్తెర

ఈ పనికి ఎవరు పనికొస్తారు, ఎవరు పనికిరారు అన్నది కత్తెర దగ్గర తేలుతుంది. అంత అందంగా రంగు పాకిన బట్టను కోయమంటే చాలామందికి చేతులు రావు. “ఇట్లనే ఫ్రేము కట్టిస్తే పోదా?” అంటారు. పోతుంది. అప్పుడది రంగు వేసిన బట్ట అవుతుంది, బొంత కాదు. ముచ్చటపడ్డదాన్ని కోయగలిగితేనే దాంతో ఇంకొకటి కట్టగలరు. మెత్తని మాటలతో చెప్పే విషయం కాదిది: కోయలేనివారు వేరే పని చూసుకోవాలి.

హసీనా కూడా మొదట జంకింది. కత్తెర పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

“ఏమ్మా, ముహూర్తం చూస్తున్నావా?” అన్నాను.

“బక్రీదుకు మా అత్తమ్మ గొర్రెను ఎట్ల జూస్తదో గట్ల జూస్తున్న, టీచరమ్మా. సాదుకున్నదాన్ని కొయ్యాలంటే పానం గుంజుతది.”

అని, కళ్లు మూసుకోకుండా, ఒక్క ఊపున మధ్యకు కోసింది. అప్పుడే నేను నిర్ణయించుకున్నాను, నా తర్వాత ఈ గది తాళం ఈ అమ్మాయి చేతిలో ఉండాలని.

కాని నిర్ణయం నాది కాదు. నా విరమణ దగ్గరపడ్డాక, నా స్థానంలో డిప్లొమా ఉన్నవారిని తీసుకోవాలనీ, చేతి రంగులు ఆపేసి యంత్రంతో అచ్చువేసిన బట్ట వాడాలనీ మేనేజరు గారు ప్రతిపాదించారు. నేను కాగితం మీద కాగితం రాశాను. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. చదువుతో నిమిత్తం లేకుండా ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. ప్రతివారూ చేత్తో రంగు వేసిన బట్టతో, నిర్ణీత కొలతలో ఒక చిన్న బొంత తేవాలి. కమిటీ దాన్ని చూసి ఎంపిక చేస్తుంది. హసీనాకు ఆ ఉద్యోగం వస్తే ఆ గది నిలుస్తుంది. రాకపోతే హసీనా హుక్సులకు పోతుంది, నా రంగులు మోరీలోకి పోతాయి.

మన్నెగూడ చౌరస్తా

ఏ బొమ్మ ఎంచుకుంటుందో అని నేను చాలా ఆత్రపడ్డాను. ఒకరు నెమలి తెస్తున్నారనీ, ఒకరు బతుకమ్మ తెస్తున్నారనీ తెలిసింది. హసీనా ఎంచుకున్నది ఎవరికీ తట్టనిది. నేను తుర్కయాంజాల్ నుంచి, ఆమె తన ఊరి నుంచి వచ్చిపోయేది షేర్ ఆటోల్లోనే. వాన పడితే ఆటోవాళ్లు పక్కలకు ప్లాస్టిక్ పరదా దించుతారు. ఆ పరదా గుండా సాయంత్రం మన్నెగూడ చౌరస్తా ఎలా ఉంటుందో చూసినవారికి తెలుసు. దుకాణాల దీపాలు, బస్సుల వెనక ఎర్రదీపాలు, ఫ్లెక్సీల పసుపు, అన్నీ అలికినట్టు కలిసిపోయి ఉంటాయి. అదీ ఆమె బొమ్మ!

తడి బట్ట మీద ఎరుపూ పసుపూ పాకించింది. ఉప్పు చల్లి వాన చుక్కలు తెప్పించింది. ముక్కలు కోసి, చౌరస్తా నాలుగు దారులూ మధ్యలో కలిసేలా పేర్చింది. కుట్లన్నీ ఏటవాలుగా, గాలికి కొట్టే వానలాగా వేసింది. ఒక్కటే లోటు. బొమ్మలో వాన ఉంది గాని పరదా లేదు. మనం ఆటో లోపల కూర్చుని చూస్తున్నామన్న సంగతి తెలియడం లేదు. ఇద్దరం తల బద్దలు కొట్టుకున్నాం. పైన పల్చటి జాలీ బట్ట కుట్టి చూశాం, బాగోలేదు, విప్పేశాం. చివరికి అలాగే ముగించి, ఇస్త్రీ పెట్టి, ఇంటికి తీసుకుపోయి పెట్టెలో భద్రంగా పెట్టుకుంది.

కమిటీ కూర్చునే ముందురోజు మధ్యాహ్నం, ఆఖరిసారి చూసి వద్దామని వాళ్లింటికి వెళ్లాను. ప్రహరీ దగ్గరే ఆగిపోయాను. గోడ మీద తువ్వాళ్లకూ ఓణీకీ మధ్య, నీళ్లు కారుతూ, మన్నెగూడ చౌరస్తా ఆరేసి ఉంది.

“హసీనా! ఏమిటది?”

గడప మీద తల పట్టుకుని కూర్చున్న హసీనా లేచింది. “అత్తమ్మ ఉతికింది, టీచరమ్మా.”

“ఉతకడమేమిటి? ఎందుకు ఉతికింది?”

“పిల్ల ఉచ్చ పోసింది.”

“ఏ పిల్ల?”

“మా ఆడబిడ్డకు పొద్దుగాల పిల్ల పుట్టింది, దవాఖానల.”

ఇంతలో ఆమె అత్తగారు మౌలాబీ చాయ గ్లాసులతో, ముఖం నిండా నవ్వుతో బయటికి వచ్చింది. “రా టీచరమ్మా, కూసో. మనుమరాలొచ్చింది నాకు. నోరు తీపి జేస్కో.”

“మౌలాబీ గారూ, మీరేం చేశారో మీకు తెలుస్తోందా అండీ?”

“గారు గీరు ఎందుకు? ఎవల్నో పిలిచినట్టుంటది. ఏం జేసిన? దవాఖానకు ఉరుకుడున్నది, పిల్లకు మెత్తటి బొంత గావాలె. పెట్టె తీసిన, మీదనే ఉన్నది. కొలిచి కుట్టినట్టు పిల్లంతనే ఉన్నది! నా కోడలు ముందుగాలనే సోంచాయించి కుట్టిపెట్టింది అనుకున్న. మస్తు కుషీ అయిన.”

“అది గోడకు కట్టే బొంత!”

“గోడకా?” మౌలాబీ నన్ను చూసింది, తన ప్రహరీని చూసింది, మళ్లీ నన్ను చూసింది. “గోడకు సలి వెడతదా, టీచరమ్మా?”

ఈ మాట మాత్రం స్పష్టంగా రాస్తున్నాను: అడగకుండా ఇంకొకరి పనిని పెట్టెలోంచి తీయడం తప్పు. ఆనాడూ అదే అన్నాను, ఈనాడూ అదే అంటాను. మనుమరాలు పుట్టిన సంబరం దానికి మినహాయింపు కాదు.

కాని చూస్తే, రంగు ఒక్క చుక్క కదలలేదు! బండ మీద సబ్బు పెట్టి రుద్దినా, ఎరుపు ఎరుపుగానే, పసుపు పసుపుగానే ఉన్నాయి. కింద ఆరేసిన తెల్ల తువ్వాలు తెల్లగానే ఉంది. నా ఒళ్లు పులకరించింది. పాడైనది మరొకటి. మధ్యలో పెట్టిన ఫ్లానెల్ బట్ట కుంచించుకుపోయింది. పై బట్టను నానబెట్టాం గాని లోపలి బట్టను నానబెట్టలేదు. గోడకు కట్టేదాన్ని ఎవరు ఉతుకుతారన్నది మా ధీమా. ఇప్పుడు బొంతంతా ముడతలు.

నేను వెంటనే చేయవలసినవి వరుసగా చెప్పాను. కుట్లు విప్పాలి, లోపలి బట్ట మార్చాలి, మళ్లీ కుట్టాలి, ఇస్త్రీ పెట్టాలి. పొద్దుటికల్లా అవుతుందన్నాను. హసీనా వినడం లేదు. బొంతను గోడ మీది నుంచి తీసి, రెండు చేతులా ఎత్తి, ఎండకు అడ్డంగా పట్టుకుంది.

“టీచరమ్మా, జర ఇటు రా. పరదా జూడు.”

చూశాను. ఏటవాలు కుట్ల మధ్య బట్ట ముడుచుకుని, నలిగిన ప్లాస్టిక్ పరదా అచ్చంగా దిగివచ్చింది. దాని వెనక దీపాలు. మేము ఆటోలో కూర్చుని ఉన్నాం! నేను ఆ ప్రహరీ పక్కన, అరవై దాటిన మనిషిని, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

“ఇస్త్రీ వెట్టను,” అంది హసీనా. “ఇట్లనే తీస్కపోత.”

మౌలాబీ మాత్రం షరతు పెట్టింది. “తీస్కపో, గని పొద్దుమూకేవరకు ఇంటికి తేవాలె. పసిపిల్ల పండిన బట్ట పరాయోళ్లకు ఇయ్యం.”

కమిటీ ముందు

కమిటీలో మేనేజరు గారు, పట్నంలో డిజైను పాఠాలు చెప్పే ఒక నిపుణురాలు, జిల్లా కార్యాలయం నుంచి వచ్చిన ఒక అధికారి ఉన్నారు. నన్ను కూర్చోనిచ్చారు గాని మాట్లాడవద్దన్నారు. ఇది నాకు ఎంత కష్టమో మీరు ఈపాటికి గ్రహించి ఉంటారు.

నెమలి, బతుకమ్మ బల్ల మీద సాఫుగా పరుచుకున్నాయి. వాటి పక్కన హసీనా తన బొంత పరిచింది.

“ఇదేందమ్మా, ఎద్దు నమిలినట్టున్నది?” అన్నారు మేనేజరు గారు.

“ఎద్దు నమల్లేదు సార్. పిల్ల ఉచ్చ పోసింది.”

బొంతను తాకబోయిన నిపుణురాలు చటుక్కున చేయి వెనక్కు తీసుకున్నారు.

“ఉతికినం మేడమ్, ఫికర్ చెయ్యకున్రి.”

అధికారి పగలబడి నవ్వారు. నిపుణురాలు మాత్రం నవ్వలేదు. “సబ్బుతో ఉతికారా? రంగు పోలేదా?” అని, తన చేతిరుమాలు మూల తడిపి ఎరుపు మీద గట్టిగా రుద్దారు. రుమాలు తెల్లగానే ఉంది. తర్వాత నెమలి మెడ మీద రుద్దారు. రుమాలుకు నీలం అంటింది. నేను నా మంగళసూత్రం పట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాను, ‘గంజి!’ అని అరవకుండా.

జిల్లా అధికారి కుర్చీ ముందుకు జరుపుకుని, “ఇది మన్నెగూడ కాదా? ఆటోలకెల్లి?” అన్నారు. ఒక ఎర్రచుక్క మీద వేలుపెట్టి, “గిది సిగ్నలా, బస్సు ఎనక లైటా?”

“బస్సు, సార్. ఆ దినం సిగ్నల్ కరాబైంది.”

ఎంపిక హసీనాదే అయింది. నేను లేచి నిలబడబోతుండగా మేనేజరు గారు బొంత అందుకున్నారు. నియమం ప్రకారం ఎంపికైన నమూనా కేంద్రానిది. గోడకు మేకు కొట్టించి, కింద ఇత్తడి పలక కూడా బిగించి సిద్ధంగా ఉంచారు.

“ఇయ్యరాదు సార్,” అంది హసీనా.

“ఎందుకియ్యవు?”

“పిల్ల పండింది దీన్ల. ఇంకొకటి కుట్టి ఇస్త.”

“ఇంకొకటి ఎంపిక కాలేదమ్మా. నమూనా ఇవ్వకపోతే ఎంపిక చెల్లదు.”

హసీనా ఆయన చేతిలోంచి బొంతను మెల్లగా తీసుకుంది. మడిచింది. సంచిలో పెట్టింది. “అయితే నౌకరి మీ దగ్గరనే ఉండనియ్యున్రి సార్. బొంత పిల్లది.”

ఎన్నేళ్ల పని, ఎంత ఆశ! అయినా, ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదని ఇక్కడ రాసిపెడుతున్నాను. నిపుణురాలు ఫైలు తనవైపు లాక్కుని, కొంచెం ఆలోచించి ఒక వాక్యం రాసి, సంతకం పెట్టి, అధికారి ముందుకు తోశారు. ఆయన చదివి, మీసాల కింద నవ్వుకుని, తానూ సంతకం పెట్టారు. ఇద్దరు పెట్టాక మేనేజరు గారికి తప్పలేదు. ఆ వాక్యం ఇది: ‘నమూనా వాడుకలో ఉన్నందున తిరిగి ఇవ్వడమైనది, మరొకటి సమర్పించవలెను.’

నా వృత్తి జీవితంలో నేను చదివిన కార్యాలయ వాక్యాల్లో ఇంతకంటే గొప్పది లేదు.

మేకు

ఇప్పుడు ఆ గది హసీనాది. రెండు మార్పులు చేసింది. లోపలి బట్టనూ ముందే నానబెడుతున్నారు, ముడత కావాలని కోరి వదిలేస్తే తప్ప. పూర్తయిన ప్రతి బొంతనూ గోడకు కట్టేముందు ఒకసారి సబ్బుతో ఉతుకుతున్నారు. రెండూ సరైనవే. ఈ పనిలోకి వచ్చేవారు అలాగే చేయండి.

గోడకు బొంత అవసరం లేదన్న మౌలాబీ మాట మాత్రం నేను ఒప్పుకోను. ఖాళీ గోడల మధ్య రోజంతా పనిచేసేవారికి కళ్లకూ ఏదో ఒకటి కప్పుకోవాలనిపిస్తుంది. ఆ వాదన మా ఇద్దరి మధ్యా ఇంకా నడుస్తూనే ఉంది.

ఇచ్చిన మాట ప్రకారం హసీనా రెండో బొంత కుట్టింది. జల్‌పల్లి చెరువు మీద పొద్దు పొడుపు. ఇత్తడి పలక పైన, మేకుకు కొన్నాళ్లు దర్జాగా వేలాడింది. పోయిన వారం నేను కేంద్రానికి వెళ్లేసరికి మేకు ఖాళీగా ఉంది.

“హసీనా, బొంత ఏమైంది?”

ఆమె ఉప్పు చల్లి ఆరబెట్టిన బట్టను బల్ల మీద పరుస్తోంది. తల ఎత్తలేదు. “మేనేజరు సార్ తీస్కపోయిండు. సార్ బిడ్డకు కొడుకు పుట్టిండంట.”

“రాసిచ్చి తీసుకెళ్లారా, ఊరికేనా?”

“రాసిండు. ఫైలు జూడు.”

చూశాను. మేనేజరు గారి గుండ్రని దస్తూరి. ‘నమూనా వాడుకలో ఉన్నందున’ అని ఉంది. వస్తువు పేరు రాయవలసిన చోట, కొట్టివేత లేకుండా, ‘బొంత’ అని ఉంది.

“మరి ఈ మేకుకు ఇంకొకటి ఎప్పుడు కడతావు?” అన్నాను.

హసీనా ఉప్పు దులిపింది. బట్ట మీద నక్షత్రాలు లేచాయి. ఇద్దరం ఒక్క క్షణం ఊపిరి బిగపట్టాం.

“గోడకు సలి వెట్టినప్పుడు జూద్దాం, టీచరమ్మా.”